650కి మ్యాపు: లాగ్‌లో 14.7 కదలదు, 3000 దగ్గర కుదుపు పోదు

బెజవాడ_650
అన్నలూ, నాలుగు వారాల నుంచి బుర్ర వేడెక్కిపోయింది. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, బీఎస్6. సైలెన్సర్లు రెండూ మార్చా, ఫిల్టర్ మార్చా, పిగ్గీబ్యాక్ (కంపెనీ ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటర్, దాని మీద కూర్చుని పెట్రోలు లెక్క మార్చే డబ్బా) పెట్టా. ఎడమ పైపుకి బంగ్ (సెన్సర్ బిగించే మర బుడిపె) వెల్డింగ్ చేయించి, పొగలో గాలి-పెట్రోలు పాలు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ దించా. సెకనుకి పది వరసల లాగ్ (బండి నడుస్తుంటే రాసుకునే కొలతల పట్టీ), సీఎస్‌వీ ఫైలు తీసి మెగాలాగ్‌వ్యూయర్‌లో చూస్తున్నా. అడిగేవి మూడు.

ఒకటి, హైవే మీద థ్రాటిల్ కదపకుండా పోతుంటే ఏఎఫ్ఆర్ (ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్లు గాలి) 14.7 దగ్గరే ఊగుతోంది. మ్యాపులో (ఏ ఆర్‌పీఎం, ఎంత థ్రాటిల్‌కి ఎంత పెట్రోలు అన్న పట్టిక) ఆ గళ్లలో పెట్రోలు 10 శాతం పెంచినా అంతే, తగ్గించినా అంతే. నేను మార్చింది ఎటు పోతోంది?

రెండు, 3000 ఆర్‌పీఎం, థ్రాటిల్ 4 నుంచి 8 శాతం మధ్య కుదుపు. లాగ్‌లో అక్కడ 16, 17 చూపిస్తోంది. పెంచుకుంటూ ప్లస్ 18 దాకా వచ్చా. కుదుపు పోలేదు సరికదా, ఇప్పుడు థ్రాటిల్ వదిలితే సైలెన్సర్లో పేలుళ్లు, దీపావళే.

మూడు, బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కదా, ఫుల్ థ్రాటిల్‌కి టార్గెట్ ఎంత పెట్టాలి?

నట్టుబోల్టు_కరీంనగర్
తమ్మీ, చైన్ లూజు జూసినవా?

బెజవాడ_650
అన్నా, నేను లాగ్ గురించి అడిగితే చైన్ అంటావేంటి. చైన్ బాగానే ఉంది.

నట్టుబోల్టు_కరీంనగర్
సరే, మీ ఇష్టం. 22 ఏండ్లు కార్బొరేటర్లు ఇప్పి బిగించిన చేతులివి. ప్లగ్గు తీసి రంగు జూస్తే బండి కడుపుల ఏమున్నదో చెప్త. గీ లాప్‌టాపులు వచ్చినంక పోరగాండ్లకు చెవులు పనిజేస్తలేవు.

డాలస్_ట్విన్
ప్లగ్ రంగుతో జాతకం చెప్పే రోజులు సీసం పెట్రోలుతోనే పోయాయి అన్నగారూ. మన దేశంలో 2000 ఫిబ్రవరిలోనే సీసం ఆపేశారు.

నేనిక్కడ సుజుకి ఎస్‌వీ650కి పవర్ కమాండర్ అనే పిగ్గీబ్యాక్, ఆటోట్యూన్ వాడతా. ఆదివారం ఒక రౌండు వేసి వస్తే అదే ట్రిమ్‌లు (పెట్రోలు సవరణలు) రాసి పెడుతుంది, నచ్చితే ఒప్పుకుంటా, లేదంటే చెరిపేస్తా. మీరింకా సీఎస్‌వీలు దువ్వుకుంటున్నారు. ఇక మూడో ప్రశ్న. ఈ20కి స్టాయిక్ (గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయే నిష్పత్తి) 13.5, ఉత్త పెట్రోలుకి 14.7. అంటే నీ గేజీ మీద ప్రతి టార్గెట్‌లోంచి 1.2 తీసెయ్. 12.9 అనుకున్న చోట 11.7 పెట్టు. అయిపోయింది.

సీమ_థంపర్
అయిపోయేది పెట్రోలు సామీ. ఇదే మాట ఎవరో చెబితే నమ్మి నా క్లాసిక్ 500కు అట్లే పెట్టుకుంటి. అనంతపురం నుంచి తాడిపత్రి పోయొచ్చేలోపల సైలెన్సర్ మూతి కాటుక డబ్బా మాదిరి అయిపోయె. ఐదో గేర్లో బండి ఏడుస్తాంది, ముందుకు పోదు. నా చేతిలో ఉండే నంబరేమో 11.7, పుస్తకం ప్రకారం అంతా బాగుండాది!

ఓరుగల్లు_లాంబ్డా
డాలస్ గారూ, ఇది తప్పు. ఇప్పుడు దిద్దకపోతే ఇంకో పదిమంది పెడ్తరు.

వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కు ఏఎఫ్ఆర్ అంటే ఏందో తెల్వది. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 గానీ ఇంకోటి గానీ, అది కొలిచేది లాంబ్డా. కాలినంక గాలి మిగిలిందా, పెట్రోలు మిగిలిందా, ఎంత అన్నది. దాన్ని 14.7తోని గుణించి గేజీ మనకు నంబర్ చూపిస్తది. ట్యాంకులో ఈ20 ఉన్నా, సరిగ్గా సరిపోయినప్పుడు లాంబ్డా 1, గేజీ మీద 14.7 అనే వస్తది. అసలు నిష్పత్తి 13.5 ఉంటది గానీ గేజీకి ఆ ముచ్చట ఎవలు చెప్పిండ్రు?

ఫుల్ థ్రాటిల్‌కు లాంబ్డా 0.88 కావాలనుకో. గేజీ మీద 12.9. అదే ఈ20 అసలు లెక్కల 11.9. మీరు గేజీ మీద 11.7 పెట్టమంటున్నరు, అంటే లాంబ్డా 0.8. మందు రెండుసార్లు పోసినట్టు.

డాలస్_ట్విన్
పద్దెనిమిదేళ్లుగా బళ్లు ట్యూన్ చేస్తున్నవాడికి గుణకారం నేర్పుతున్నారు. బాగుంది. మా ఎస్‌వీ డైనో షీటు (ఇంజను శక్తి కొలిచిన కాగితం) పెట్టమంటారా? ఇథనాల్ పెరిగితే పెట్రోలు ఎక్కువ కావాలా వద్దా, అది చెప్పండి ముందు.

ఓరుగల్లు_లాంబ్డా
కావాలె. ఎవలు కాదన్నరు? ఈ10కు చేసిన మ్యాపు మీద ఈ20 పోస్తే ఓపెన్ లూప్‌ల, అంటే ఈసీయూ సెన్సర్ మాట వినని కాడ, నాలుగు శాతం దాకా లీన్ (పెట్రోలు తక్కువ) అయితది. అది లాగ్‌ల 14.7 ఉండాల్సిన కాడ 15.3 అని కనిపిస్తది. కనిపించినంత మ్యాపుల పోయాలె. టార్గెట్‌ను గుంజి కిందికి తెచ్చుడెందుకు?

డాలస్_ట్విన్
నా గేజీలో ఫ్యూయల్ సెట్టింగ్ ఉంది. ఇథనాల్ శాతం మార్చుకోవచ్చు. అప్పుడు 13.5 అనే చూపిస్తుంది. మీ దగ్గర చవక గేజీలుంటే నేనేం చేయను.

ఓరుగల్లు_లాంబ్డా
గంత ముఖ్యమైన ముచ్చట ఆఖర్ల చెప్తరా! స్కేలు మార్చిన గేజీకి మీ నంబర్ నడుస్తది. మార్చనోళ్లకు నడువది. బెజవాడ తమ్ముడు మార్చిండో లేదో అడిగిండ్రా మీరు? చవక గేజీ అని మాట్లాడుడు మంచిగలేదు. నా జీతంల మూడో వంతు పెట్టి కొన్న.

సీమ_థంపర్
నేనూ అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. స్కేలంట, కొలిచేది లాంబ్డా అంట. రెండు ట్యాంకులు తగలేసినాక తెలిసె.

గుంటూరు_మిర్చి
మైలేజీ ఎంత ఇస్తోంది అన్నా?

విశాఖ_గాలి
బెజవాడ గారూ, గొడవలో మీ మొదటి రెండు ప్రశ్నలూ గాలికి పోయాయి.

14.7 దగ్గర ఊగడం మీ తప్పు కాదు. కంపెనీ ఇచ్చిన ఆక్సిజన్ సెన్సర్లు బండికి ఇంకా తగిలించే ఉన్నాయి కదా? అవి నారోబ్యాండ్. 0.45 వోల్టుకి అటా ఇటా అన్నది తప్ప వాటికి ఇంకేం తెలీదు. మీరు పిగ్గీబ్యాక్‌లో పది శాతం పోస్తే ఈసీయూ అది పసిగట్టి పది శాతం కోసేస్తుంది. అక్కడ ఎన్నిసార్లు రాసినా ఇసుక మీద రాతే. క్రూజింగ్‌ని దాని మానాన వదిలేసి, ఈసీయూ ఆ సెన్సర్ల మాట వినని చోటు, అంటే థ్రాటిల్ ఎక్కువ తెరిచే గళ్లు మాత్రం చూసుకోండి.

ఇక ఆ ప్లస్ 18. ముందు ఒకటి చెప్పండి, గడికి సగటు తీసేటప్పుడు థ్రాటిల్ వదిలేసిన వరసలు తీసేశారా? వదిలితే ఇంజెక్టర్లు మూసుకుంటాయి, పైపులో ఉత్త గాలి, గేజీ పైకి అంటుకుపోతుంది. ఆ గాలిని మీరు లీన్ అనుకుని, పక్క గడిలో పెట్రోలు పోసి ఉంటారు. మీ దీపావళి సామాను అక్కడే దొరికింది.

ఇంకోటి. పొగ సిలిండర్‌లోంచి సెన్సర్ దాకా రావాలి, సెన్సర్ తేరుకుని చెప్పాలి. 3000 దగ్గర చిన్న థ్రాటిల్‌కి నా బండిలో రెండు మూడు వరసలు ఆలస్యం. మీరు చూస్తున్న 17 ఈ గడిది కాదు, పావు సెకను కిందటి గడిది. ఏఎఫ్ఆర్ కాలమ్‌ని రెండు వరసలు పైకి జరిపి మళ్లీ చూడండి. ఇంజను వేడెక్కకముందు వరసలు, థ్రాటిల్ చకచకా కదిలిన వరసలు అన్నీ కొట్టేయండి. నా లాగ్‌లో గంట ప్రయాణానికి పనికొచ్చేది పావుగంట కూడా మిగల్లేదు.

పాలకొల్లు_ట్విన్
బ్రో సూపర్. నేను చవక బ్లూటూత్ అడాప్టర్‌తో ఫోన్‌లో లాగ్ చేస్తున్నాను, అది చాలదాండీ?

విశాఖ_గాలి
బ్రో కాదు, అక్కని. అది ఒక్కో విలువా విడివిడిగా అడిగి తెస్తుంది. పది విలువలు అడిగితే ఆర్‌పీఎం ఒక క్షణానిది, థ్రాటిల్ ఇంకో క్షణానిది. ఇంజను వేడి చూసుకోవడానికి సరే, మ్యాపుకి వద్దు.

హైదరాబాద్_థర్డ్‌గేర్
లాగ్ మంచిగ రావాలంటే ఓఆర్‌ఆర్ మీద మూడో గేర్ల 2500 నుంచి రెడ్‌లైన్ దాకా ఒక్క లాగు లాగు భాయ్. ఒక్క లాగుకు ఫుల్ థ్రాటిల్ వరస మొత్తం నిండుతది.

మాదాపూర్_మావ
ఓఆర్‌ఆర్ మీదికి టూవీలర్లను ఎక్కనియ్యరు కదా భయ్యా. నువ్వు ఏ దారిన ఎక్కినవ్?

హైదరాబాద్_థర్డ్‌గేర్
సర్వీస్ రోడ్డు అన్న నా ఉద్దేశం.

మాదాపూర్_మావ
సర్వీస్ రోడ్డు మీద గేదెలుంటయ్, రాంగ్ రూట్ల వచ్చే ట్రాక్టర్లుంటయ్. రెడ్‌లైన్ అంట. ఎవరినన్న గుద్దితే అదీ లాగ్‌ల పడ్తది.

సీమ_థంపర్
ఆ సైలెన్సర్లతో యాడ లాగినా ఒకటే. మా ఊర్లో పోలీసులు బండి ఆపి, శబ్దం విని, సైలెన్సర్ అక్కడే ఇప్పించి పెట్టుకున్నారు. జరిమానా కట్టి, సైలెన్సర్ లేని బండి తోసుకుంటా ఇంటికి వస్తి. వైడ్‌బ్యాండ్ దాంట్లోనే ఉండె! ముందు పైపుకు పెట్టించుకోండి, సైలెన్సర్‌కు వద్దు.

ఓరుగల్లు_లాంబ్డా
అన్నా, నవ్వాల్నా ఏడ్వాల్నా తెలుస్తలేదు. కానీ మాట కరెక్టే. ఇంకోటి, సెన్సర్‌ను అడ్డంగనో కిందికి తలకాయ పెట్టో బిగించొద్దు. కనీసం పది డిగ్రీలన్న పైకి లేసి ఉండాలె, లేకుంటే పొద్దుగాల పైపుల పట్టిన నీళ్లు సెన్సర్ మీదికొస్తయ్. కరెంటు కనెక్షన్ ఇయ్యకుండ ఉత్తగ పైపుల పెట్టి తిరగొద్దు, మసి పట్టి చస్తది. నాది ఒకటి అట్లనే పోయింది.

డాలస్_ట్విన్
అదే జీతంలో మూడో వంతా?

నిర్వాహకుడు
ఇద్దరూ ఇక్కడితో ఆపండి. జీతాల సంగతి ఇంకోసారి వస్తే ఈ చర్చకి తాళం వేస్తాను.

అరకు_ఘాట్
అక్కా, నాది ఒక డౌటు. వైజాగులో మ్యాపు సరిచేసి అరకు ఎక్కితే బండి బరువుగా లాగుతోంది. మా పాత బండికి కంపెనీది తీసేసి పెట్టిన పూర్తి స్టాండలోన్ ఈసీయూ, థ్రాటిల్-ఆర్‌పీఎం టేబుల్ మీదే నడుస్తుంది.

విశాఖ_గాలి
అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. కింద గాలి పీడనం 101 కిలోపాస్కల్ ఉంటే పైన 91 దగ్గర. పదో వంతు గాలి తగ్గింది, పెట్రోలు తగ్గలేదు, రిచ్ అయింది. థ్రాటిల్-ఆర్‌పీఎం టేబుల్‌కి ఎత్తు తెలీదు, దానికి బేరోమీటర్ సవరణ విడిగా ఉండాలి. మీ ఈసీయూలో ఆ సెన్సర్ ఉందేమో చూసి ఆన్ చేయండి. నేను అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఆగి లాప్‌టాప్ తెరిస్తే, టీ కొట్టాయన ఏటమ్మా బండికి జొరమా అని అడిగాడు.

నట్టుబోల్టు_కరీంనగర్
కార్బొరేటర్ ఉన్నప్పుడు గుట్ట ఎక్కినా దిగినా స్క్రూ అర చుట్టు తిప్పుతుంటిమి. అయినా నేనడిగిన దానికి జవాబు రాలే. తమ్మీ, చైన్ కొలిచినవా?

బెజవాడ_650
ఐదు రోజులు కనపడలేదు, క్షమించాలి. అక్క చెప్పినట్టు వరసలు వడకట్టా. థ్రాటిల్ వదిలినవి తీసేస్తే, కాలమ్ జరిపితే, 17లు సగం మాయం. మిగతా సగం తగ్గలేదు, చిన్న ఆర్‌పీఎంలోనే ఉన్నాయి, పైకి పోతే లేవు. అప్పుడు టార్చి పట్టుకుని కింద పడుకున్నా. ఎడమ సైలెన్సర్ పైపుకి కలిసే చోట నల్లటి చార! అతుకు దగ్గర గాలి పీల్చుకుంటోంది, ఆ గాలే సెన్సర్‌కి లీన్‌గా కనబడింది. ప్యాకింగ్ మార్చి క్లాంపు బిగించా. ఇప్పుడక్కడ 14లోనే ఉంది. ప్లస్ 18ని సున్నా చేశా, పేలుళ్లు ఆగిపోయాయి.

ఓరుగల్లు_లాంబ్డా
మరి కుడి పైపు? రెండు సిలిండర్లు, సెన్సర్ ఒక్కదానికే. ఎడమ అతుకు కారుతున్నదని కుడి సిలిండర్‌కు గూడ 18 శాతం ఎక్కువ పోసినవ్ ఇన్ని దినాలు. కుడి ప్లగ్గు తీసి చూడు.

బెజవాడ_650
తీశా. నల్లగా, తడిగా ఉంది. నట్టుబోల్టు అన్న ఇది చదివి మురిసిపోకుండా ఉంటే బాగుండు.

నట్టుబోల్టు_కరీంనగర్
చదివిన.

డాలస్_ట్విన్
ఆటోట్యూన్ అయితే ఇదంతా...

విశాఖ_గాలి
ఆటోట్యూన్ అయితే అతుకులో గాలిని చూసి అదే 18 శాతం తనే పోసేది సార్. మనం అడ్డుపడే అవకాశం కూడా ఉండేది కాదు.

పాలకొల్లు_ట్విన్
మరి కుదుపు పోయిందాండీ? అది చెప్పలేదు.

బెజవాడ_650
సగం పోయింది. ఊళ్లో మూడో గేర్లో థ్రాటిల్ మూసి తెరిస్తే ఇంకా టక్ మంటోంది. లాగ్‌లో ఏమీ లేదు, గీత నున్నగా ఉంది. నిన్న సాయంత్రం ఎవరూ చూడకుండా స్కేలు పెట్టి చైన్ కొలిచా.

నట్టుబోల్టు_కరీంనగర్
ఎంతున్నది?

బెజవాడ_650
యాభై ఐదు మిల్లీమీటర్లు ఊగుతోంది అన్నా.

నట్టుబోల్టు_కరీంనగర్
నీ మాన్యువల్‌ల ఎంత రాసుంటే అంతకు బిగియ్యి. ఒక్కదిక్కే కాదు, చక్రం తిప్పుకుంట నాలుగు చోట్ల కొలువు, ఒకచోట బిర్రుగ ఇంకోచోట వదులుగ ఉంటే చైన్ సచ్చినట్టే లెక్క. వెనక యాక్సిల్ గీతలు రెండు దిక్కుల సమానంగ ఉండాలె. గ్రీజు కాదు, చైన్ ల్యూబ్ కొట్టు. లాగ్ గిట్ల అవసరం లేదు దీనికి.

సీమ_థంపర్
అన్నా, నా క్లాసిక్‌కు గూడా మూడో గేర్లో టక్ అంటాది. నాదీ చైనేనా?

నట్టుబోల్టు_కరీంనగర్
నీకు ముందు సైలెన్సర్ వాపస్ వచ్చిందా?

గుంటూరు_మిర్చి
ఇంతకీ మైలేజీ ఎంత?