స్టీరింగ్ మీద ఇరవై బటన్లు: రేసు నడిపేది డ్రైవరా, రేడియోలో ఇంజనీరా?

గౌతమి గట్టు (రావులపాలెం):

సూటిగానే అడుగుతున్నా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఈ మధ్య ఎఫ్1 (ఫార్ములా వన్ కార్ల రేసు) చూస్తుంటే డ్రైవర్ బండి తోలుతున్నాడా, సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాడా అని అనుమానం వస్తోంది. స్టీరింగ్ మీద ఇరవైకి పైగా బటన్లు, నాబ్‌లు. మధ్యలో తెర. వెనకాల గేర్లకో జత ప్యాడిల్స్, క్లచ్‌కి ఇంకోటి. 300 కిలోమీటర్ల వేగంలో మనిషి రోడ్డు చూడాలా, నాబ్ చూడాలా?

2021లో అజర్‌బైజాన్‌లోని బాకు రేసు గుర్తుందిగా. ఎర్ర జెండాతో ఆపిన రేసు మళ్లీ మొదలయ్యేసరికి మిగిలింది రెండు ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ రెండు చుట్లు. అప్పటిదాకా ముందున్న వెర్‌స్టాపెన్ టైరు పేలి గోడకి కొట్టేశాడు. హామిల్టన్ రెండో స్థానం నుంచి దూసుకొచ్చి పెరెజ్ పక్కకి చేరాడు. గేర్లు మార్చే కంగారులో చెయ్యి ఒక స్విచ్‌కి తగిలింది. ముందు టైర్లు వేడెక్కించడానికి బ్రేకు బలాన్ని ముందు చక్రాల మీదకి నెట్టేసే స్విచ్ అది. మొదటి మలుపులో బ్రేకు తొక్కేసరికి ముందు చక్రాలు బిగుసుకుపోయాయి. తెల్లటి పొగ, బండి తిన్నగా మలుపు దాటి పోయింది. 15వ స్థానం, సున్నా పాయింట్లు. ఆ ఏడాది టైటిల్ పోయింది 8 పాయింట్ల తేడాతో. ఏడుసార్లు ఛాంపియన్ అయినవాడికే ఈ గతి పట్టిందంటే తప్పు మనిషిదా, ఆ స్టీరింగ్‌దా?

సగం బటన్లు పీకెయ్యాలన్నది నా వాదన. 1991లో బ్రెజిల్ డ్రైవర్ సెన్నా సొంతూరు సావో పాలోలో ఆరో గేరులో ఇరుక్కుపోయిన బండిని చివరి ల్యాపుల్లో లాక్కొచ్చి గెలిచాడు. రేసంటే అదండీ. ఇప్పుడైతే రేడియోలో చెప్పిన నంబరుకి నాబ్ తిప్పుతాడు, అయిపోయింది.

తణుకు టర్బో:

ఆయ్, అలా అనేస్తే ఎలాగండీ. మీరు కథని తలకిందులు చేశారు. బటన్లు పెరిగింది బండిలో కంప్యూటర్ పెత్తనం పెరిగి కాదు, ఆ పెత్తనం తీసేశారు గనక.

ముందు 1989కి వెళ్దాం. జాన్ బర్నార్డ్ తయారుచేసిన ఫెరారీ 640లో మొదటిసారి గేర్లు స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌కి వచ్చాయి. బ్రెజిల్‌లో మొదటి రేసే మాన్సెల్ గెలిచాడు. తమాషా ఏంటంటే, ఆ రేసు మధ్యలో స్టీరింగే వదులైపోతే పిట్‌లో (ట్రాక్ పక్కన టీమ్ వాళ్లుండే చోట) ఆగి కొత్తది బిగించుకుని మరీ గెలిచాడు. అక్కణ్ణుంచి 1993 విలియమ్స్ దాకా చూడండి. యాక్టివ్ సస్పెన్షన్, ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్. మలుపులో బండి ఎంత ఒరగాలి, చక్రం ఎంత జారాలి అన్నీ బండే చూసుకునేది. 1994కి వాటిని నిషేధించారు. 2001లో ట్రాక్షన్ కంట్రోల్‌ని మళ్లీ రానిచ్చారు. 2002లో అయితే పిట్‌లో కూర్చున్న ఇంజనీరే లాప్‌టాప్ నుంచి బండి సెట్టింగులు మార్చేవాడు, డ్రైవర్ వేలు కదపక్కర్లేదు. 2003లో దాన్ని ఆపారు. 2008లో అందరికీ ఒకే రకం ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ ఇచ్చి ట్రాక్షన్ కంట్రోల్‌ని మళ్లీ తీసేశారు.

ఇన్ని పనులు బండీ చెయ్యకూడదు, పిట్టూ చెయ్యకూడదు అంటే ఎవరు చెయ్యాలి? డ్రైవరే. దేనితో చెయ్యాలి? ఆ బటన్లతోనే. మీరు పీకెయ్యమంటున్నవి డ్రైవర్ చేతికి తిరిగొచ్చిన పనులు.

సెన్నా సంగతంటారా, 1994 స్పెయిన్‌లో షూమాకర్ ఐదో గేరులో ఇరుక్కుని రెండోవాడుగా వచ్చాడు. ఆ బండికి ప్యాడిల్సే మరి!

కాకినాడ హాస్టల్ రేసర్:

అన్నయ్యలూ, నేను సిమ్ రేసింగ్, అంటే కంప్యూటర్‌లో రేసులు, చేస్తాను. స్టీరింగ్‌ని చదువుకునే టేబుల్‌కి క్లాంపుతో బిగించుకున్నా. బ్రేకు గట్టిగా తొక్కితే కుర్చీ వెనక్కి జారిపోతుందని కుర్చీని మంచం కోడుకి తాడుతో కట్టాను. కాబట్టి అసలు ఎఫ్1 డ్రైవర్ అనుభవం నాకుందని అనను గానీ, ఒక్క బ్రేక్ బయాస్ గురించి, అంటే బ్రేకు బలాన్ని ముందు వెనక చక్రాలకి పంచడం గురించి చెప్తా.

పొడుగు స్ట్రెయిట్ (మలుపుల్లేని దారి) చివర బ్రేకు తొక్కినప్పుడు బరువంతా ముందుకి వస్తుంది. అప్పుడు బలం ముందు చక్రాలకి ఎక్కువ ఇవ్వాలి. అదే మెల్లగా తిరిగే మలుపులో ముందుకి ఎక్కువ ఇస్తే బండి ముక్కు తిరగదు, బయటికి పోతుంది. వెనక్కి ఎక్కువ ఇస్తే తోక తిరిగిపోతుంది. పెట్రోలు అయ్యేకొద్దీ బరువు తగ్గుతుంది, టైర్లు అరిగేకొద్దీ పట్టు మారుతుంది. అందుకని రెండు మలుపుల మధ్య బొటనవేలితో ఒక క్లిక్కు ముందుకో వెనక్కో వేసుకుంటాం. మొదట్లో తెర చూసుకుని వేసేవాణ్ణి, ఇప్పుడు చూడక్కర్లేదు, వేలికి క్లిక్కు తెలుస్తుంది. ఎఫ్1లో ఇది కాక డిఫరెన్షియల్‌ని (వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే భాగం) మలుపులోకి దిగేటప్పుడు, మధ్యలో, బయటికొచ్చేటప్పుడు విడివిడిగా సర్దుకుంటారు. ఇంజిన్ బ్రేకింగ్ వేరే, బ్యాటరీ వేరే.

అది ఆఫీసు పనిలా కనిపిస్తోందంటే మీరెప్పుడూ చేసి చూడలేదన్నమాట.

డెల్టా డీజిల్ (పెనుగొండ):

నాకు ఎఫ్1 అంతంత మాత్రం. మా అబ్బాయి పెడితే చూస్తా. కానీ ఈ గొడవ నాకు బాగా తెలిసిన గొడవలాగే ఉంది.

మాకు వరికోతలకి చైన్ మిషన్ ఉంది. తుపాను తర్వాత పడిపోయిన చేలో దిగినప్పుడు ఆపరేటర్ని చూడాలి. రీలు దించాలి, కట్టర్ మట్టిలో గుచ్చుకోకుండా ఎత్తు పట్టాలి, చైన్ బురదలో దిగబడుతోందేమో కనిపెట్టాలి, చేను పడున్న వాలుకి ఎదురెళ్లాలి. ఇవన్నీ ఒకేసారి. ఆ క్యాబిన్‌లో లివర్లు మామూలోడు చూస్తే టెన్షన్ పడతాడు. మా ఆపరేటర్ వాటి వంక చూడనైనా చూడడు, కళ్లన్నీ చేను మీదే. కానీ నేను గట్టు మీద నించుని ఫోన్‌లో “రీలు దించు, స్పీడు తగ్గించు” అన్నాననుకోండి, మిషన్ ఆపేసి “మీరే తోలండి” అంటాడు.

లివర్లు ఎన్నున్నా పర్లేదు బాబూ. గట్టు మీదోడి నోరే తంటా.

గౌతమి గట్టు:

డీజిల్ గారూ, మీ నోట్లో పంచదార పొయ్య. నా కడుపుమంట అదే. టీవీలో టీమ్ రేడియో వింటుంటే ఎంత విసుగో. ఈ మోడ్ పెట్టు, ఆ నాబ్ రెండుకి తెచ్చుకో, ఇక్కడ యాక్సిలరేటర్ ముందే వదులు, ఫలానా మలుపులో నీ జోడీ నీకంటే ముందు బ్రేకు తొక్కుతున్నాడు. డ్రైవర్ “సరే” అంటాడు. వందల సెన్సర్ల లెక్కలు చూస్తున్న ఇంజనీరు తేల్చేశాక డ్రైవర్‌కి మిగిలిందేంటి? టర్బో గారు పనులు డ్రైవర్ చేతికి తిరిగొచ్చాయన్నారు. చేతికే వచ్చాయి, బుర్రకి రాలేదు.

తణుకు టర్బో:

దెబ్బ బాగానే కొట్టారు. కానీ మీరు కోరుకున్నట్టు రేడియో నోరు కట్టేసే ప్రయోగం ఆల్రెడీ జరిగింది, ఏమైందో చూడండి.

2015 బెల్జియం రేసు నుంచి, స్టార్ట్ విషయంలో రేడియో నిబంధన బిగించారు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో రేడియోలో చెప్పడం బంద్. 2016లో ఇంకా బిగించి, రేసులో డ్రైవర్‌కి ఏమేం చెప్పొచ్చో జాబితా రాశారు, మిగతావన్నీ నిషేధం. ఆ జూన్‌లో మళ్లీ అదే బాకు. హామిల్టన్ బండిలో ఇంజిన్ మోడ్ తప్పుగా ఉండి పవర్ సరిగా రావట్లేదు. ఏది మార్చాలో టీమ్‌కి తెలుసు, చెప్పకూడదు. ఆయన ల్యాపుల తరబడి ఒక్కో నాబ్ తిప్పి చూస్తూ పోయాడు, కళ్లు రోడ్డు మీద కంటే స్టీరింగ్ మీద ఎక్కువున్నాయి. చుట్టూ గోడలున్న సిటీ సర్క్యూట్‌లో! చివరికి ఐదోస్థానం. జులైలో సిల్వర్‌స్టోన్‌లో రోజ్‌బర్గ్ గేర్‌బాక్స్ ఏడో గేరులో మొరాయిస్తే టీమ్ చెప్పకూడని మాట చెప్పేసింది. పది సెకన్లు శిక్ష పడి రెండోవాడు మూడోవాడయ్యాడు. ఆ నెలాఖరుకల్లా నిబంధన ఎత్తేశారు. చూసేవాళ్లకి కూడా వెగటుపుట్టింది.

గౌతమి గట్టు:

అదే బాకులో రోజ్‌బర్గ్‌కీ అదే తంటా వచ్చింది కదండీ, త్వరగా తేల్చుకుని రేసు గెలిచాడు. ఆ సంగతి ఎందుకు దాటేశారు? తన బండి తనకి తెలిసినవాడు బయటపడ్డాడు. నాకైతే ఆ ఏడాది మొత్తంలో డ్రైవర్ల తెలివికి అంత సూటి పరీక్ష ఇంకోటి కనపడలేదు.

యానాం బ్రిడ్జి:

2020లో మెర్సిడెస్ వాళ్లు స్టీరింగ్‌ని ముందుకీ వెనక్కీ లాగితే ముందు చక్రాల కోణం మారేలా చేశారు, గుర్తుందా? తిప్పడం, నొక్కడం అయ్యాక లాగడం. మరుసటి ఏడాదికే నిషేధం. ఇంకో రెండేళ్లు వదిలేస్తే ఊదడం కూడా పెట్టేవాళ్లు.

నరసాపురం పాయ:

మీరంతా డ్రైవర్ వైపు నుంచే మాట్లాడుతున్నారు. డబ్బిచ్చి చూసేవాడి సంగతేంటి?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (బ్యాటరీ కార్ల) రేసుకి రైలెక్కి వెళ్లాం. ఎండ మాడ్చేసింది, స్టాండులో నీళ్లకీ ఇబ్బందే, అది వేరే కథ. అందులో అటాక్ మోడ్ అని ఒకటుంది. ఎక్కువ పవర్ కావాలంటే బటన్ ఒక్కటీ చాలదు, రేసింగ్ లైన్ వదిలి మలుపు బయటివైపు గీసిన దారిలోంచి వెళ్లాలి. పవర్ కోసం టైము పోగొట్టుకోవాలి. ఆ బేరం కళ్ల ముందు జరుగుతుంది. నా పక్కన మొదటిసారి రేసు చూస్తున్న మా బావకి కూడా ఒక్కసారి చెప్తే అర్థమైపోయింది. చివర్లో వెర్న్ చేతిలో బ్యాటరీ తక్కువ, వెనక క్యాసిడీ దగ్గర ఎక్కువ. ఆ తేడా తెర మీద అంకెల్లో కనపడుతోంది, జనం లేచి నించున్నారు. వెర్న్ క్యాసిడీని దాటనివ్వకుండా ఆపి గెలిచాడు.

అది కూడా సెట్టింగుల రేసే, కానీ కనపడింది. ఎఫ్1 డ్రైవర్ డిఫరెన్షియల్ నాబ్ తిప్పి సెకనులో పదోవంతు సంపాదిస్తే ఎవడికి తెలుస్తుంది? ఆయనకీ ఇంజనీరుకీ. నాకు తెలియని నైపుణ్యానికి నేనెలా చప్పట్లు కొట్టాలి?

కాకినాడ హాస్టల్ రేసర్:

2026 బండ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఎలక్ట్రిక్ మోటార్ 120 నుంచి 350 కిలోవాట్లకి పెరిగింది. ఇంజిన్, బ్యాటరీ వాటా దాదాపు సగం సగం. 2011లో వచ్చిన డీఆర్‌ఎస్ (ముందు బండిని దాటడానికి వెనక రెక్క తెరిచే పద్ధతి) పోయి, స్ట్రెయిట్‌లో ముందు వెనక రెక్కలు రెండూ పడుకునే పద్ధతి వచ్చింది. దాటడానికి దగ్గరగా ఉన్నవాడికి అదనపు బ్యాటరీ మోడ్. ఇక్కడ మాత్రం నేను గౌతమి అన్నయ్య వైపే. బ్యాటరీ ఎక్కడ ఖర్చుపెట్టాలో చాలావరకు ముందే ప్రోగ్రామ్ చేసి పెడతారు. వేలితో చేసే పని నాకిష్టం, రాసిపెట్టిన లెక్క ప్రకారం స్ట్రెయిట్ చివర యాక్సిలరేటర్ వదలడం నాకిష్టం లేదు.

తణుకు టర్బో:

తమ్ముడూ, పెట్రోలు మిగుల్చుకోవడం కూడా ఒకప్పుడు ఇలాగే తిట్టించుకుంది. బైకుల్లో చూడు. మోటోజీపీలో మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు బటన్ నొక్కితే వెనకభాగం కిందకి దిగే పరికరాలొచ్చాయి, 2027 నుంచి వాటికి నిషేధం. కుదరనిది కుదరదని వాళ్లు తేల్చారు. ఎఫ్1 కూడా ఒక్కో పరికరం చూసి తేల్చాలి గానీ, సగం పీకేయండి అంటే ఏ సగం?

గౌతమి గట్టు:

సరే, ఏ సగమో చెప్తా వినండి. బ్రేకు, డిఫరెన్షియల్, క్లచ్ ఉంచండి, అవి డ్రైవర్ ఒంటికి తెలిసే పనులు. ఇంజిన్ ప్రాణం కాపాడే సెట్టింగులు, సెన్సర్ పాడైతే దాన్ని పక్కన పెట్టే సెట్టింగులు, వీటికి నాబ్ ఎందుకు? అవి బండే చేసుకోనివ్వండి. అప్పుడు బాకు 2016 లాంటి తంటా రాదు. ఆ తర్వాత సెట్టింగుల మీద రేడియో మూసెయ్యండి. ప్రమాదం, జెండా, వాన, పిట్‌కి రమ్మనడం, అంతే మాట్లాడాలి.

తణుకు టర్బో:

రేడియో మూస్తే పిట్ గోడ మీంచి పలక మీద రాసి చూపిస్తారు. అప్పుడేం చేస్తారు?

గౌతమి గట్టు:

చూపించుకోనివ్వండి. ల్యాపుకి ఒక్కసారి, 300 స్పీడులో, నాలుగు అక్షరాలు. దానికి నాకే అభ్యంతరం లేదు.

డెల్టా డీజిల్:

నాలుగక్షరాలైతే మా ఆపరేటర్ కూడా ఒప్పుకుంటాడండీ.