పాత జీపులో బ్రేక్ లైట్ స్విచ్: మూడోది కూడా మొరాయిస్తోంది

ప్రశ్న – విజయనగరం నుంచి

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన 1974 నాటి మహీంద్రా జీపును రెండేళ్లుగా నేను నడుపుతున్నాను. ఇంజను, గేర్లు బాగానే ఉన్నాయి. బ్రేక్ లైట్లతోనే తంటా. పెడల్ గట్టిగా తొక్కితే వెలుగుతాయి గాని, మూడు లాంతర్ల కూడలి దగ్గర జనాన్ని చూసి మెల్లగా ఆపుకొనేటప్పుడు వెలగవు. ఏడాదిన్నరలో మూడు స్విచ్‌లు మార్చాను. ప్రతిదీ నాలుగైదు నెలలు పనిచేసి, మళ్లీ పాత పాటే.

గత వారం గజపతినగరం దాటాక గొర్రెల మంద అడ్డం వస్తే వేగం తగ్గించాను. వెనుక వస్తున్న లారీ నా బంపరుకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, "లైట్లు లేకపోతే చెయ్యయినా ఊపాలి కదా బాబూ" అన్నాడు. తప్పు నాదే కాబట్టి ఏమీ అనలేకపోయాను.

ఈ స్విచ్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) దగ్గర, బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో పనిచేసే రకం. మళ్లీ అదే రకం వేయించాలా, పెడల్ దగ్గర వేరే స్విచ్ పెట్టించాలా? బండి అసలు రూపం చెడకూడదని ఇంట్లో పట్టుదల ఉంది.

సమాధానం – శ్రీకాకుళం నుంచి

మాస్టారూ, నాలుగో స్విచ్ కొనే ముందు తప్పు స్విచ్‌దేనని తేల్చుకోండి. స్విచ్‌కు వచ్చే రెండు వైర్లను ఊడదీసి ఒకదానికొకటి కలపండి. లైట్లు నిండుగా, నిలకడగా వెలిగితే బల్బులు, ఫ్యూజు, వైరింగు సరిగ్గా ఉన్నట్టే. మసకగా వెలిగితే ముందు ఎర్త్ చూడండి. జీపు వెనుక లైట్లకు బాడీయే ఎర్త్ కాబట్టి, రంగు వేయించినప్పుడు బోల్టు కింద పెయింటు పేరుకున్నా, తుప్పు పట్టినా కరెంటు సరిగ్గా తిరిగి వెళ్లదు. మాకు కళింగపట్నం వైపు ఉప్పుగాలి వల్ల ఈ జబ్బు ఎక్కువ.

గట్టిగా తొక్కితేనే వెలుగుతున్నాయన్నారు కాబట్టి, నా అనుమానం మాత్రం స్విచ్ మీదే. పాడైన స్విచ్ ఒకదాన్ని నేను హాక్సా బ్లేడుతో కోసి చూశాను. లోపల ఒక పొర, దాని మీద చిన్న రాగి బిళ్ల, ఎదురుగా రెండు మొనలు ఉన్నాయి. బిళ్ల మీద ఆ రెండు మొనలు తగిలేచోట మినపగింజంత నల్లటి గుంటలు పడ్డాయి. రెండు 21 వాట్ల బల్బులంటే 42 వాట్లు, అంటే 12 వోల్టుల బండిలో మూడున్నర ఆంపియర్లు. తొక్కిన ప్రతిసారీ, వదిలిన ప్రతిసారీ అంత కరెంటు ఆ చిన్న బిళ్ల మీద నిప్పురవ్వలు రేపుతుంది. కాలిన చోట కరెంటు పారాలంటే బిళ్ల ఇంకా గట్టిగా నొక్కుకోవాలి, అందుకే కాలు కూడా ఇంకా గట్టిగా తొక్కాల్సి వస్తుంది.

కాబట్టి ఏ స్విచ్ వేసినా మధ్యలో ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్) పెట్టించండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు రిలే 30వ కాలుకు, లైట్లకు వెళ్లే వైరు 87కు, స్విచ్ నుంచి వచ్చేది 86కు, ఎర్త్ 85కు వెళ్తాయి. అప్పుడు స్విచ్ మోసేది రిలే కాయిల్ తీసుకునే కరెంటును మాత్రమే. అది సాధారణంగా ఆంపియరులో అయిదో వంతుకు మించదు. రిలేను డాష్‌బోర్డు వెనుక దాచేస్తే ఇంట్లోవాళ్లకు కనబడదు కూడా.

సమాధానం – సాలూరు నుంచి

పై మిత్రుడు చెప్పిన రిలే సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కానీ ఆయిల్ స్విచ్‌నే ఉంచుకోవడం నాకు నచ్చలేదు. కొత్త స్విచ్ అయినా ఆయిల్‌లో కొంత ఒత్తిడి పుట్టాకే వెలుగుతుంది. మా ఘాట్ రోడ్డులో సుంకి వైపు నుంచి దిగేటప్పుడు గేరు మీద బండిని ఆపుకుంటూ పెడల్‌ను కాలితో తాకీ తాకనట్టు తొక్కుతాం. వెనకవాడికి లైటు కనబడాల్సింది సరిగ్గా అప్పుడే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ కాలపు జీపులో నాలుగు చక్రాలకూ ఒకే బ్రేక్ లైను. స్విచ్ లోపలి పొర చిరిగితే వైరు తగిలించే లగ్గుల పక్కనుంచి ఆయిల్ చెమరుస్తుంది. పట్టించుకోకపోతే ఒకనాడు పెడల్ నేలకు అంటుకుంటుంది. ఆ లగ్గుల మీద వేలు పెట్టి చూడండి. తడి తగిలితే బండిని ఇంటి నుంచి కదపవద్దు.

నేనైతే మోటారు సైకిల్ వెనుక బ్రేక్ దగ్గర ఉండే, స్ప్రింగుతో లాగే స్విచ్ వాడాను. జీపు పెడల్ కాడ ఫ్లోరు కింద ఉంటుంది కాబట్టి చిన్న రేకు బ్రాకెట్టుతో ఇట్టే అమరుతుంది. కార్లలో వచ్చే నొక్కుడు రకం కూడా పెట్టవచ్చు గాని, దానితో ఒక చిక్కుంది. అది పెడల్‌ను పూర్తిగా వెనక్కి రానివ్వకుండా అడ్డుపడితే, మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం తెరుచుకోదు. కొంతదూరం పోయేసరికి బ్రేకులు పట్టేసి డ్రమ్ములు కాలిపోతాయి. లాగే రకంలో ఎక్కువ తక్కువలను స్ప్రింగే సర్దుకుంటుంది. అయితే అది ఒక్క బల్బుకు సరిపడా చేసిన స్విచ్ కాబట్టి రిలే తప్పనిసరి.

ఆయిల్ స్విచ్ తీసిన రంధ్రానికి డమ్మీ బిగించేటప్పుడు జాగ్రత్త. ఆ మర సాధారణంగా అంగుళంలో ఎనిమిదో వంతు సైజు ఎన్‌పీటీ (అమెరికా పైపు మర), అంగుళానికి 27 చుట్లు. హార్డ్‌వేర్ కొట్టులో అదే సైజు అని ఇచ్చే నీటి పైపు డమ్మీ బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర), దానికి 28 చుట్లు. రెండు చుట్లు హాయిగా ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే ఇత్తడి మర చెడుతుంది. టెఫ్లాన్ టేపు కూడా చుట్టవద్దు, దాని పోగులు ఆయిల్ దారిలో పడతాయి.

సమాధానం – బొబ్బిలి నుంచి

అసలు రూపం గురించి ఒక్క మాట. పాత ఆయిల్ స్విచ్‌ను వైర్లు తీసేసి అలంకారానికి ఉంచేద్దామని చాలామందికి అనిపిస్తుంది. నేనూ అలాగే ఉంచాను, ఆరు నెలలకు అది కారింది. డమ్మీయే మేలు. తీసిన స్విచ్‌ను టూల్ బాక్సులో పెట్టుకోండి, ప్రదర్శనకు వెళ్లేటప్పుడు చూపించవచ్చు. మరొకటి, బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కాబట్టి పని జరిగేచోట బకెట్టుతో నీళ్లు దగ్గర ఉంచుకొని, పడిన వెంటనే కడిగేయండి.

ప్రశ్న అడిగినవారు – విజయనగరం నుంచి

అందరికీ కృతజ్ఞతలు. లగ్గు పక్కన వేలు పెట్టి చూస్తే నిజంగానే జిడ్డు తగిలింది, ఆ రోజే బండి ఆపేశాను. డమ్మీ కోసం మూడు దుకాణాలు తిరిగాక, చివరికి పాత స్విచ్‌నే లేతు పనివాడి చేతిలో పెట్టి అదే మరతో ఇత్తడి డమ్మీ చేయించుకున్నాను. నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ లైనులో చేరిన గాలి తీయించి, లాగే స్విచ్, రిలే పెట్టించాను. స్ప్రింగు మొదట మరీ బిగువుగా ఉండి, పెడల్ తాకకుండానే గతుకుల్లో లైట్లు మిణుకుమిణుకుమన్నాయి. స్విచ్ నట్టును రెండు చుట్లు వదులు చేశాక సర్దుకుంది. రాత్రి షెడ్డులో బండిని వెనక్కి పెట్టి పెడల్ మీద బొటనవేలు ఆనిస్తే చాలు, వెనుక గోడంతా ఎర్రబడుతోంది.