అప్‌డేట్: చలానా ఏపీకే పోయింది, ఇంకో రెండు చోట్ల చూడాలి

ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన దొంగ ఏపీకే (యాప్ ఫైల్) ఫోన్‌లో చేరింది, ఐకాన్ కనబడట్లేదు, అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయట్లేదు అని అడిగాను కదా. తీసేశాం.

ముందు వైఫై, డేటా ఆపి, సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేశాం. ఓటీపీలు దొంగ యాప్ చేతిలో పడకుండా ఉండాలంటే ఇదే ముఖ్యం. తర్వాత సేఫ్ మోడ్ (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయకుండా ఫోన్ తెరిచే పద్ధతి): చాలా ఫోన్లలో పవర్ మెనూలోని ‘పవర్ ఆఫ్’ని నొక్కి పట్టుకుంటే వస్తుంది. సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ తెరిస్తే ఆ యాప్ దొరికింది. అడ్మిన్ హక్కు ఉన్నంతసేపూ ఆండ్రాయిడ్ ఆ యాప్‌ని తీయనివ్వదు, బటన్ మసకగా ఉన్నది అందుకే. అక్కడా, యాక్సెసిబిలిటీలోనూ (యాప్‌కి స్క్రీన్ చదివే, నొక్కే అనుమతి ఇచ్చే చోటు) దాన్ని ఆపేసి, మొత్తం యాప్‌ల జాబితాలోంచి తీసేశాం. ఐకాన్ దాచేసినా ఆ జాబితాలో పేరు కనబడుతుంది.

ఫ్యాక్టరీ రీసెట్ చాలన్నవాళ్లకి: కాల్ ఫార్వర్డింగ్ (మన కాల్స్‌ని వేరే నంబరుకి మళ్లించడం) పెట్టి ఉంటే దానితో పోదు, అది ఫోన్‌లో కాదు, నెట్‌వర్క్‌లో ఉంటుంది. కాల్ సెట్టింగ్స్‌లో విడిగా ఆపాలి. వాట్సాప్ ‘లింక్డ్ డివైసెస్’లో మీది కాని ఫోన్, కంప్యూటర్ ఏదైనా ఉందేమో కూడా చూడండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు శుభ్రమైన ఫోన్ నుంచే మార్చండి.

డబ్బు పోయి ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అవతలి ఖాతాలోంచి బయటికి వెళ్లేలోపే ఆపించాలి.