సంక్రాంతికి 16 మందితో 2014 ప్రపంచకప్ గేమ్ టోర్నమెంట్: ఒక్క టీవీతో ఎలా నడపాలి?

రాజోలు_రైట్‌వింగ్:
అందరికీ నమస్కారమండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజుల్లో మా వీధి కుర్రాళ్లు 16 మందికి పీఎస్3 (ప్లేస్టేషన్ 3) మీద 2014 ఫిఫా వరల్డ్ కప్ బ్రెజిల్ గేమ్‌తో టోర్నమెంట్ పెట్టాలనుకుంటున్నాం. కన్సోల్ ఒకటే. 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ, రెండు కంట్రోలర్లు ఉన్నాయి. పొద్దున్న సగం మంది కోడిపందేల బరుల దగ్గరే ఉంటారు, అందుకని రోజూ మూడింటి తర్వాతే ఆట. గ్రూపులు పెట్టాలా, నేరుగా నాకౌటా? పాయింట్లు సమమైతే ఎలా తేల్చాలి? మధ్యలో కరెంటు పోతే? ఇదే గేమ్ పీసీకి దొరికితే ఇంకో సెట్టు కూడా పెట్టొచ్చు, ఉందా?

అంబాజీపేట_రిఫరీ:
పీసీకి లేదండి. 2014 గేమ్ పీఎస్3కీ ఎక్స్‌బాక్స్ 360కీ మాత్రమే వచ్చింది. 2006ది పీసీకి ఉంది గానీ రెండు వేర్వేరు గేమ్‌లతో ఒకే టోర్నమెంట్ నడపకండి. పాస్ వేగం, షాట్ బరువు అన్నీ వేరు.

16 మందికి గ్రూపులే పెట్టండి. పండక్కి ఊరొచ్చినవాడు ఒక్క మ్యాచ్ ఓడి ఇంటికి పోతే ఏం బాగుంటుంది? నాలుగేసి మందితో నాలుగు గ్రూపులు, గ్రూపుకి 6 మ్యాచ్‌ల చొప్పున 24. ఆపైన గ్రూపుకి మొదటి ఇద్దరితో క్వార్టర్స్ 4, సెమీస్ 2, మూడో స్థానానికి ఒకటి, ఫైనల్. మొత్తం 32. 1970 మెక్సికో ప్రపంచకప్ అచ్చం ఇలాగే 16 జట్లతో, 32 మ్యాచ్‌లతో జరిగింది.

సగానికి 4 నిమిషాలు పెట్టండి. గోల్ రీప్లేలు ఎక్స్ నొక్కి దాటేస్తూ, జట్టు ఎంపికతో కలిపి మ్యాచ్‌కి 15 నిమిషాలు లెక్కేసుకోండి. భోగి నాడు మొదటి రెండు రౌండ్లు (రౌండంటే గ్రూపులో అందరికీ ఒక్కో మ్యాచ్), అంటే 16 మ్యాచ్‌లు, 4 గంటలు. సంక్రాంతికి మూడో రౌండూ క్వార్టర్సూ కలిపి 3 గంటలు. కనుమకి మిగిలేవి నాలుగే, వాటికి సగం 6 నిమిషాలకి పెంచండి. కనుమ భోజనం తర్వాత ఎవరూ త్వరగా లేవరు, ఆ రోజు నాలుగింటికి మొదలుపెట్టినా సరిపోతుంది.

అసలు తగాదా వచ్చేది మూడో రౌండులో. గ్రూపులో ఆఖరి రెండు మ్యాచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఆడితే, రెండో జంటకి ఎంత స్కోరు చాలో ముందే తెలిసిపోతుంది. 1982లో స్పెయిన్‌లోని గిహోన్‌లో జరిగింది ఇదే. అల్జీరియా తన ఆఖరి మ్యాచ్ ముందురోజే ఆడేసింది. పశ్చిమ జర్మనీ 1-0తో గెలిస్తే తామిద్దరమూ ముందుకెళ్తామని ఆస్ట్రియాకీ తెలుసు. పదో నిమిషంలో గోల్ పడ్డాక రెండు జట్లూ బంతిని అటూ ఇటూ తోసుకుంటూ కూర్చున్నాయి. అల్జీరియా ఇంటికి పోయింది. అందుకే 1986 నుంచి ఆఖరి గ్రూపు మ్యాచ్‌లు ఒకే సమయానికి పెడుతున్నారు.

రెండో కన్సోల్ గంటసేపు అరువు దొరికితే మూడో రౌండు మొత్తం రెండు టీవీల మీద ఒకేసారి పెట్టేయండి. దొరక్కపోతే మొదటి జంట ఆడుతున్నంతసేపూ రెండో జంటని ఫోన్లు తీసుకుని వేరే వీధికి పంపండి. కేకలు వినబడినా లెక్క కట్టేస్తారు. రెండో మ్యాచ్ విజిల్ పడేదాకా మొదటి స్కోరు రిఫరీ కాగితం మీదే ఉండాలి.

భీమవరం_బ్యాక్‌లైన్:
రిఫరీ గారు చెప్పిన మూడో రౌండు సంగతి నూటికి నూరుపాళ్లూ పాటించండి. సమమైతే 2014 నిబంధనల వరుసే పెట్టండి: ముందు గోల్ తేడా (కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది), తర్వాత కొట్టిన గోల్స్, తర్వాత వాళ్లిద్దరూ ఆడుకున్న మ్యాచ్ ఫలితం, అప్పటికీ తేలకపోతే చీటీ. 1970లో సోవియట్ యూనియన్, మెక్సికో పాయింట్లలోనూ గోల్ తేడాలోనూ సమానమైతే గ్రూపులో మొదటి స్థానం చీటీతోనే తేల్చారు. ఈ వరుస భోగి నాడే చార్టు మీద రాసి గోడకి అంటించండి. ఆట మొదలయ్యాక రాస్తే ప్రతి గీతా ఎవరో ఒకరికి అన్యాయంలా కనిపిస్తుంది.

జట్ల పంపకంలో జాగ్రత్త. బాగా ఆడే నలుగురి పేర్లు ఒక డబ్బాలో వేసి గ్రూపుకొకరిని తీయండి. తర్వాతి నలుగురు రెండో డబ్బా, అలా నాలుగు. దేశం ఎంచుకోవడం మాత్రం తిరగేసి పెట్టండి: నాలుగో డబ్బావాళ్లు ముందు, గట్టివాళ్లు చివర. కొత్త కుర్రాడికి జర్మనీయో అర్జెంటీనాయో దొరుకుతుంది, గట్టి ఆటగాడికి స్విట్జర్లాండ్ మిగులుతుంది. మ్యాచ్‌లు నిలబడతాయి.

ఇండియా కావాలని ఒకరైనా పట్టుబడతారు. ప్రపంచకప్ క్వాలిఫయర్స్ (అర్హత మ్యాచ్‌లు) ఆడిన 203 దేశాలూ గేమ్‌లో ఉన్నాయి కాబట్టి మనదీ ఉంది. 2011 జులైలో యూఏఈ చేతిలో 0-3, ఢిల్లీలో 2-2తో మనవాళ్లు బయటికొచ్చారు. రేటింగ్ తక్కువ, పెద్ద జట్ల ముందు రెండో సగానికే పరుగు చాలదు. తెలిసి తీసుకుంటే అడ్డు చెప్పకండి.

గేమ్‌లో కిక్ ఆఫ్ (విడిగా ఆడే ఒక్క మ్యాచ్) డ్రా అయితే అక్కడితో అయిపోతుంది, అదనపు సమయం రాదు. నాకౌట్‌కి అవే జట్లతో కొత్త మ్యాచ్ మొదలుపెట్టి, ముందు గోల్ కొట్టినవాడు గెలిచినట్టు. 1998, 2002 ప్రపంచకప్‌లలో గోల్డెన్ గోల్ ఇదే.

మ్యాచ్‌లో పెనాల్టీ దొరికితే కొత్తవాళ్లు ఎక్కువగా బయటికే కొడతారు. కింద పట్టీలో ముల్లు కదులుతుంటుంది, అది ఆకుపచ్చ చోట ఉన్నప్పుడు సర్కిల్ నొక్కాలి, ఎంతసేపు నొక్కితే అంత బలం. దిక్కు ఎడమ స్టిక్‌తో. స్టిక్‌ని ఒకే పక్కకి చివరిదాకా పట్టుకుంటే బంతి పోస్టు బయటికి పోతుంది, కొంచెంసేపు తోసి వదలాలి. ఇది ఆట మొదలవకముందే అందరికీ ఒకసారి చూపించండి.

పాలకొల్లు_పవర్:
కరెంటు సంగతి నేను చెప్తానండి. ముందు టీవీ సాకెట్టు ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో చూడండి, చాలా ఇళ్లలో ఫ్యాన్లూ లైట్లే ఉంటాయి. టీవీ, పీఎస్3 కలిపి 150 వాట్లు అనుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో లెక్కకి 1800 వాట్-అవర్లు. పాత బ్యాటరీ సగమే ఇస్తుంది, అంటే 900. నాలుగు ఫ్యాన్లు కూడా తిరిగితే లోడు 450, రెండు గంటల్లో ఖాళీ. పైన గదుల్లో ఫ్యాన్లు ఆపించండి.

ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ మీట ఉంటే అది వేయండి. మామూలు మోడ్‌లో మారే ఆ క్షణానికే కన్సోల్ ఆరిపోవచ్చు. చెరువుల పక్క ఊళ్లలో సాయంత్రం ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే మోటార్లు) ఒక్కసారిగా వేస్తే వోల్టేజీ పడిపోవచ్చు, ఆ వేళ కన్సోల్‌కి స్టెబిలైజర్ ఉంటే మంచిది.

మధ్యలో ఆరిపోతే స్కోరూ నిమిషమూ రిఫరీ రాసుకోవాలి. 55వ నిమిషంలో 2-1 దగ్గర పోతే, కొత్త మ్యాచ్ 35వ నిమిషం దాకా ఆడించి గోల్స్ కలపండి. అందుకే గడియారాన్ని ప్రతి గోల్‌కీ గమనించే మనిషి ఒకరు కావాలి. తిరిగి వేశాక ఫైల్ సిస్టమ్ తనిఖీ అడుగుతుంది, సరే అనండి, మధ్యలో ఆపొద్దు.

రాజోలు_రైట్‌వింగ్:
చాలా థ్యాంక్సండి. షాట్ నొక్కాక కాస్త ఆలస్యంగా పడుతోంది, అది కంట్రోలర్ తప్పా?

అంబాజీపేట_రిఫరీ:
రెండు కంట్రోలర్లకీ ఒకేలా ఉంటే టీవీదే. పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టి, మోషన్ స్మూతింగ్ (కదలికలు నున్నగా కనిపించేలా టీవీ చేసే మార్పు) ఆపేయండి. ఒకదానికే ఉంటే ఆ కంట్రోలర్ నకిలీది కావొచ్చు, సగం ఆటలో ఇద్దరూ మార్చుకునేలా పెట్టండి. రాత్రి రెండింటినీ మినీ యూఎస్‌బీ తీగతో ఛార్జింగ్‌కి పెట్టండి. కన్సోల్ ఆపేస్తే దాని యూఎస్‌బీ నుంచి ఛార్జ్ ఎక్కదు.