అప్‌డేట్: మా బావ దగ్గు మిల్లు దుమ్ము వల్ల కాదు

మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే మా బావకు హాడ్కిన్స్ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అని, ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో మధ్యలో పొడిదగ్గు పట్టుకుని వదలట్లేదని ఇదివరకు అడిగాను. వెంటనే ఆంకాలజిస్టుకు చెప్పమన్న అందరికీ థాంక్స్.

ఊళ్లో అందరూ ఊక దుమ్మే అన్నారు. కానీ కూర్చుంటే ఆక్సిజన్ 96 ఉన్న మనిషికి వరండాలో నాలుగడుగులు వేయగానే 88కి పడిపోయింది. హైదరాబాద్ తీసుకెళ్లాం. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగు భాగాన తెల్లటి మచ్చలు. ఇన్ఫెక్షన్ లేదని తేలాక, ఆ నాలుగు మందుల్లో ఒకటైన బ్లియోమైసిన్ వల్లేనన్నారు. ఈ మందును విరిచే ఎంజైమ్ ఊపిరితిత్తుల్లో, చర్మంలో తక్కువట, అందుకే దెబ్బ అక్కడ పడుతుంది. అక్క రోజూ కొబ్బరినూనె రాస్తున్న వీపు మీది నల్లచారలు కూడా ఆ మందు పనే!

బ్లియోమైసిన్ ఆపేసి మిగతా మూడు మందులు కొనసాగిస్తున్నారు. జబ్బు తిరగబెడుతుందేమోనని అక్కకు ఒకటే టెన్షన్. రెండు కీమో సైకిళ్ల తర్వాత పెట్ స్కాన్ (క్యాన్సర్ ఇంకా ఉందేమో చూసే స్కాన్) క్లీన్‌గా ఉన్నవాళ్లకు బ్లియోమైసిన్ తీసేసినా ఫలితంలో పెద్ద తేడా రాలేదని 2016లో వచ్చిన రాథల్ అనే ట్రయల్ (రోగుల మీద చేసిన అధ్యయనం) చెప్పింది. బావ స్కాన్ క్లీనే.

స్టెరాయిడ్ మాత్రలతో దగ్గు బాగా తగ్గింది, షుగర్ మాత్రం పెరిగింది. మాత్రలు సొంతంగా ఆపొద్దని, డోసు మెల్లగా తగ్గిస్తామని చెప్పారు. బీడీ పూర్తిగా బంద్.

ఇంకోటి, ఇకపై ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరుకు బ్లియోమైసిన్ సంగతి ముందే చెప్పాలట. ఆక్సిజన్ మరీ ఎక్కువ పెడితే ఊపిరితిత్తులు మళ్లీ దెబ్బతినొచ్చు. కీమో కాగితాల ఫొటోలు ఇంట్లో అందరి ఫోన్లలో ఎక్కించాం.