నమ్మి ఇచ్చిన బండిని తాకట్టు పెట్టేస్తే దొంగతనం కేసేనా?

గజపతి కుర్రాడు:
ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలిసినవాడు నాలుగు రోజులకని బండి అడిగి తీసుకెళ్లి, ఆంధ్రాలోని పాతపట్నంలో తాకట్టు పెట్టేశాడు. అడిగితే రేపు, మాపు అంటున్నాడు. ఇది దొంగతనమా, చీటింగా? ఫిర్యాదు ఒడిశాలో ఇవ్వాలా, ఆంధ్రాలోనా?

కోర్టుపక్షి:
దొంగతనమని మాత్రం రాయకండి. మీ ఒప్పుదల లేకుండా మీ దగ్గర్నుంచి తీసుకుపోతేనే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 303 కింద దొంగతనం. ఇక్కడ తాళం మీరే ఇచ్చారు. ‘తీసుకెళ్లు’ అన్న మీ మెసేజ్ వాడు చూపిస్తే కేసు నీరుగారుతుంది. మీది సెక్షన్ 316, నమ్మకద్రోహం. ఐదేళ్ల దాకా జైలు. చీటింగ్ (318) అనాలంటే బండి అడిగేనాటికే వాడికి ఎగ్గొట్టే బుద్ధి ఉండాలి. రెండూ పెడితే కేసు గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఒకే సంగతి మీద రెండూ కలిసి నిలవవని 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సెక్షన్లు వేయడం పోలీసుల పని. బండి ఎప్పుడిచ్చారు, ఎప్పటికి తిరిగి ఇవ్వాలి, అడిగితే ఏమన్నాడు, బండి నంబరు, ఇంజిన్, చాసిస్ నంబర్లు రాసి మెసేజ్‌ల ప్రింట్లు జతచేయండి.

మహేంద్రతనయ:
పర్లాకిమిడిలోనే ఇవ్వండి. నమ్మకద్రోహం కేసును సొత్తు పుచ్చుకున్నచోట గానీ, తిరిగి ఇవ్వాల్సినచోట గానీ విచారించొచ్చు (కేసుల విచారణ పద్ధతి చెప్పే నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 201). పరిధి కాదన్నా జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్) కట్టాలి. ఒడియా రాయడం రాకపోతే నోటితో చెప్పండి. వాళ్లే రాసుకుని చదివి వినిపించాలి. అర్థం కాకుండా సంతకం పెట్టొద్దు. ‘ఇచ్చాను’ అన్నది ‘పోయింది’ అని పడిందా, తర్వాత దిద్దించలేక చస్తారు. డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేస్తామంటే కంగారుపడకండి, చట్టంలో ఉన్నదే. అసలు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి.

గజపతి కుర్రాడు:
తాకట్టు పట్టినాయన దగ్గరికెళ్లి బండి తెచ్చేసుకోవచ్చా అన్నా?

కోర్టుపక్షి:
వద్దు తమ్ముడూ. బెదిరించి తెస్తే దోపిడీ (309) అని ఎదురు కేసు పెడతాడు. ఐదుగురు కలిసి వెళ్తే 310, అంటే బందిపోటు కేసు. నమ్మకద్రోహంతో చేతులు మారిందీ చట్టం లెక్కలో దొంగసొత్తే (317). ఆర్‌సీ వేరేవాళ్ల పేరున ఉండగా పట్టినవాడు ‘నాకేం తెలుసు’ అనడం కష్టం. పోలీసులు బండి సీజ్ చేశాక ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలతో మేజిస్ట్రేట్ దగ్గర నాగరిక సురక్షా సంహిత 503 కింద పిటిషన్ వేయండి. బాండు మీద బండి ఇస్తారు. కేసు తేలేదాకా దాన్ని అమ్మకూడదు, రంగు మార్చకూడదు.