డైనాస్టీ ఫాంటసీ బేస్‌బాల్: మైనర్ లీగ్ కుర్రాళ్ళలో ఎవర్ని ఉంచాలి, ఎవర్ని వదలాలి?

ఫ్రిస్కో ఫస్ట్‌బేస్:

అందరికీ నమస్కారం. ఆఫీసు వాళ్ళతో 12 టీముల డైనాస్టీ లీగ్ (అసలు ఆటగాళ్ళ అంకెలతో ఆడే ఫాంటసీ ఆట, ఆటగాళ్ళను ఏళ్ళ తరబడి ఉంచుకోవచ్చు) ఆడుతున్నాను. 5×5 కేటగిరీలే (బ్యాటింగ్‌కు ఐదు లెక్కలు, పిచింగ్‌కు ఐదు), కాకపోతే బ్యాటింగ్ యావరేజ్ బదులు ఓబీపీ, అంటే ఎన్నిసార్లు బేస్ చేరాడన్న రేటు. టీముకు 8 మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది మెట్లు) స్లాట్లు. శనివారం లోపు ఒకణ్ణి తీసేయాలి. ఈ ముగ్గురి దగ్గర ఆగిపోయాను. అసలు పేర్లు రాస్తే మా లీగువాళ్ళు పట్టేస్తారు, అందుకే మారుపేర్లు.

పెద్దోడు: 25 ఏళ్ళు, ఔట్‌ఫీల్డర్, ట్రిపుల్-ఎ, అల్బుకర్కీ. 480 ప్లేట్ అప్పియరెన్సులు (బ్యాటింగ్‌కు వచ్చినసార్లు), యావరేజ్ .309, 22 హోమ్ రన్లు, 138 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో ఔట్), 34 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఊరికే వచ్చే బేస్).

చిన్నోడు: 19 ఏళ్ళు, షార్ట్‌స్టాప్, హై-ఎ, మిడ్‌వెస్ట్ లీగ్. 400 ప్లేట్ అప్పియరెన్సులు, .252, 8 హోమ్ రన్లు, 76 స్ట్రైకౌట్లు, 46 వాక్‌లు.

పిచర్: 22 ఏళ్ళు, డబుల్-ఎ. 22 స్టార్టులు (ఆటను మొదలుపెట్టినసార్లు), 90 ఇన్నింగ్స్, 390 మంది బ్యాటర్లు, 125 స్ట్రైకౌట్లు, 53 వాక్‌లు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన రన్ల సగటు) 2.90.

చూడగానే చిన్నోణ్ణి తీసేయొచ్చనిపిస్తోంది. కరెక్టేనా?

పాత స్కోరుకార్డు:

ఆ పని మాత్రం చేయకండి. ముగ్గురిలో ఆఖరున వదలాల్సినవాడు అతనే.

మైనర్ లీగ్ అంకెల్లో మొదట చూడాల్సింది వయసు. సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అని నాలుగు మెట్లు, వీటికింద రూకీ లీగులు. హిట్టర్ల సగటు వయసు సింగిల్-ఎలో దాదాపు 21, హై-ఎలో 22, డబుల్-ఎలో 24కి దగ్గర, ట్రిపుల్-ఎలో 26 అటూఇటూ. హై-ఎలో మీ చిన్నోడికి బంతులు వేసేది ఎక్కువగా కాలేజీలో ఆడి డ్రాఫ్ట్ (టీములు వంతులవారీగా కొత్తవాళ్ళను ఎంచుకోవడం) అయినవాళ్ళు. ఇంటర్ కుర్రాడు ఇంజనీరింగ్ ఫైనలియర్ టీముతో ఆడుతున్నట్టు లెక్క. అక్కడ తట్టుకుని నిలబడ్డాడంటేనే మార్కులు వేయాలి.

నిలబడ్డాడో లేదో .252 చెప్పదు. 76ని 400తో భాగిస్తే స్ట్రైకౌట్లు 19 శాతం, వాక్‌లు 11.5 శాతం. స్ట్రైకౌట్ రేటు ఓ 60 ప్లేట్ అప్పియరెన్సులకే కుదురుకుంటుంది, వాక్ రేటుకు 120 దాకా కావాలి. ఆడిన బంతి ఫీల్డర్ల మధ్య పడిందా, చేతుల్లోకి వెళ్ళిందా అన్న లెక్క మాత్రం మొత్తం సీజన్ అయినా నిలకడగా ఉండదు. యావరేజ్‌లో సగం దాని చేతిలోనే ఉంటుంది. కాబట్టి 19, 11.5 నమ్మండి, .252ని పక్కన పెట్టండి. పైగా మీది ఓబీపీ లీగ్. ఆ 46 వాక్‌లు నేరుగా మీ ఖాతాలోకే.

ఇక పెద్దోడు. 138 బై 480 అంటే 28.75 శాతం స్ట్రైకౌట్లు, వాక్‌లు 7 శాతం. ఆ పైన ఊరు చూడండి. అల్బుకర్కీ సముద్రమట్టానికి 5,000 అడుగుల పైనుంది. అంత ఎత్తులో గాలి పలచన. కొట్టిన బంతి దూరం పోతుంది, కర్వ్‌బాల్ సరిగా తిరగదు. పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో రీనో, సాల్ట్ లేక్, ఎల్ పాసో కూడా హిట్టర్లకు పండగలాంటి గ్రౌండ్లే. చిన్న బౌండరీల గ్రౌండులో కొట్టిన సిక్సర్లు మనం ఎలా తూకం వేస్తామో ఇవీ అంతే. స్ప్లిట్స్ పేజీ తెరిచి సొంతూళ్ళో ఎంత, బయట ఎంత అని విడదీసి ఇక్కడ పెట్టండి, మాట్లాడదాం.

ఫ్రిస్కో ఫస్ట్‌బేస్:

తీశాను అన్నా. సొంతూళ్ళో 215 ఎట్-బ్యాట్‌లలో (వాక్‌ల వంటివి తీసేసిన బ్యాటింగ్ లెక్క) 76 హిట్లు, 16 హోమ్ రన్లు. బయట 215లో 57 హిట్లు, 6 హోమ్ రన్లు. అంటే .353, .265. నోరెళ్ళబెట్టాను.

పాత స్కోరుకార్డు:

బయట ఆరే. అవే అతని అసలు హోమ్ రన్లు అనుకుని లెక్క వేయండి. సొంతూళ్ళో 16 అన్నది మేజర్ లీగ్ టీము కొలరాడో రాకీస్ అతణ్ణి అంతే ఎత్తున్న డెన్వర్‌కు పిలిస్తే మళ్ళీ పనికొస్తుంది, అల్బుకర్కీ వాళ్ళ ట్రిపుల్-ఎ టీమే కదా. కాబట్టి విలువ సున్నా కాదు. కానీ ట్రిపుల్-ఎలో 29 శాతం స్ట్రైకౌట్లున్నవాడికి మేజర్స్‌లో అది తగ్గదు, పెరుగుతుంది. రెండు మూడు పాయింట్లు పెరిగినా 31, 32. వాక్ 7 శాతమే. ఇలాంటివాడు ఓబీపీలో మిమ్మల్ని ముంచుతాడు.

ఇంకో రెండు సంగతులు. 2021 నుంచి మైనర్ లీగుల్లో మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు ఆటల సిరీస్. బలహీనమైన పిచింగు, అదే బుల్‌పెన్ (స్టార్టర్ తర్వాత దిగే పిచర్లు) వారం పొడుగునా దొరికిందా, వాడి నెల అంకెలు మెరిసిపోతాయి. "గత 15 రోజుల్లో .400" అని ఎవరైనా ఊదరగొడితే ఆ 15 రోజుల్లో ఎన్ని టీములతో ఆడాడో చూడండి. చాలాసార్లు రెండే ఉంటాయి. రెండోది, ట్రిపుల్-ఎ వాక్ అంకెలు. 2023లో అక్కడ వారంలో సగం రోజులు స్ట్రైక్ జోన్‌ను మెషీనే పూర్తిగా నిర్ణయించేది, మిగతా రోజులు ఛాలెంజ్ పద్ధతి (అంపైర్ చెప్పినదాన్ని మెషీన్‌తో సరిచూడమని ఆటగాళ్ళు అడగడం). వాక్‌లు బాగా ఉబ్బాయి. 2024 మధ్య నుంచి ఛాలెంజ్ ఒక్కటే. 2023 వాక్ రేటును ఇప్పటి దాంతో పక్కపక్కన పెట్టి పోల్చకండి.

బేస్ దొంగ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. స్టీల్స్ (పరుగెత్తి తర్వాతి బేస్ దొంగిలించడం) సంగతేంటి? నాకు వేగం కావాలి. మైనర్స్‌లో 40, 50 స్టీల్స్ ఉన్నవాళ్ళు కుప్పలుగా కనిపిస్తున్నారు.

పాత స్కోరుకార్డు:

కింది మెట్లలో స్టీల్స్ చవక. పిచర్లు రన్నర్‌ను పట్టించుకోరు, కేచర్ల విసురు ఇంకా రాటుదేలి ఉండదు. మేజర్స్‌లోనూ 2023 నుంచి బేసులు 15 అంగుళాల నుంచి 18కి పెరిగాయి, పికాఫ్ ప్రయత్నాలకు (రన్నర్‌ను ఔట్ చేయడానికి పిచర్ బేస్‌కు విసరడం) హద్దు పడింది. అక్కడా స్టీల్స్ దొరుకుతున్నాయి కాబట్టి ఒట్టి వేగానికి పాత ధర లేదు. మొత్తం ఎన్నని కాకుండా రెండు చూడండి: సక్సెస్ 80 శాతం దాటిందా, బేస్ మీదికి చేరే దారి ఉందా.

ఛాండ్లర్ సింప్సన్ దీనికి మంచి ఉదాహరణ. టాంపా బే రేస్ కుర్రాడు, 2024లో మైనర్స్‌లో 104 బేసులు దొంగిలించాడు. ఫెన్స్ దాటించే బలం దాదాపు లేదు. కేటగిరీల లీగులో అతనొక్కడే స్టీల్స్ కాలమ్‌ను మోస్తాడు, పాయింట్ల లీగులో అదే మనిషి బెంచీకి దగ్గరలో ఉంటాడు. మీ లీగ్ ఏది లెక్కిస్తుందో చూడకుండా ఎవరి ర్యాంకింగూ కాపీ కొట్టకండి.

కర్వ్‌బాల్ బాబాయ్:

పిచర్ గురించి నేను చెప్తాను. 125 బై 390 అంటే 32 శాతం స్ట్రైకౌట్లు, బాగుంది. 53 బై 390 అంటే 13.6 శాతం వాక్‌లు, బాగాలేదు. తేడా 18.5. ఈ తేడా చూసి ముచ్చటపడేవాళ్ళే ఎక్కువ. నేనైతే వాక్‌నే ముందు చూస్తాను. 9 శాతం లోపైతే స్టార్టర్‌గా నిలుస్తాడనుకుంటా, 10–12 అనుమానం, 13 దాటితే బుల్‌పెన్ వైపే అడుగులు పడుతున్నట్టు. బుల్‌పెన్‌లో చేరితే మీకు విన్స్ పెద్దగా రావు, స్ట్రైకౌట్లు సగమవుతాయి.

22 స్టార్టుల్లో 90 ఇన్నింగ్స్ అంటే స్టార్టుకు నాలుగు చిల్లర. విన్ రావాలంటే స్టార్టర్ ఐదు పూర్తి చేయాలి. టీమే 75, 80 పిచ్‌లకు ఆపుతోందా, లేక వాక్‌ల వల్ల పిచ్‌లు ముందే అయిపోతున్నాయా? గేమ్ లాగ్ తెరిచి పిచ్‌ల సంఖ్య చూడండి. 78 పిచ్‌లకు ఐదు ఇన్నింగ్స్ వేస్తుంటే టీము జాగ్రత్త, కంగారు లేదు. 85 పిచ్‌లకు నాలుగే అయితే తప్పు అతనిదే.

తర్వాత ఎడమచేతి హిట్టర్లు. ఇతను కుడిచేతి పిచర్ అయితే, ఫాస్ట్‌బాల్, స్లైడర్ రెండే ఉంటే, ఎడమచేతివాళ్ళ మీద వాక్‌లు ఎక్కువ, స్ట్రైకౌట్లు తక్కువ ఉంటాయి. ఛేంజప్‌గానీ స్ప్లిటర్‌గానీ (వేగం తగ్గించి మోసం చేసే బంతులు) నమ్మకంగా వేయలేనివాడు డబుల్-ఎ దాకా నెట్టుకొస్తాడు, ఆ పైన దొరికిపోతాడు.

చాలామంది మర్చిపోయే సంగతి ఇంకోటుంది, బంతి. 2019 నుంచి ట్రిపుల్-ఎలో మేజర్ లీగ్ బంతే వాడుతున్నారు, డబుల్-ఎ, దాని కింద వేరే బంతి. కుట్ల ఎత్తు, పట్టు మారతాయి. మెట్టెక్కిన మొదటి నెల బ్రేకింగ్ బాల్ జారడం, హోమ్ రన్లు పెరగడం మామూలే. అప్పుడు కంగారుపడి వదిలేసేవాళ్ళ దగ్గర తీసుకోవడమే మంచి బేరం.

ఈఆర్ఏ ఆఖరున చూడండి. అసలు చూడకపోయినా నష్టం లేదు.

ఫ్రిస్కో ఫస్ట్‌బేస్:

బాబాయ్, మరి 8 స్లాట్లలో పిచర్లు ఎంతమంది ఉండొచ్చు?

కర్వ్‌బాల్ బాబాయ్:

ఇద్దరు, మహా అయితే ముగ్గురు. మోచేతి లిగమెంట్ తెగి టామీ జాన్ సర్జరీ అయితే 12 నుంచి 18 నెలలు ఆ స్లాట్ మూసుకుపోయినట్టే. పాల్ స్కీన్స్ 2023 జులైలో మొదటి పిక్‌గా వెళ్ళి 2024 మే 11న మేజర్స్‌లో దిగాడు, 1.96 ఈఆర్ఏతో నేషనల్ లీగ్ ఉత్తమ రూకీ అయ్యాడు. అలాంటివాడు ఏడాదికొకడు రాడు. మిగతావాళ్ళను డబుల్-ఎ చేరాకే కొనండి, హైస్కూల్ నుంచి డ్రాఫ్ట్ అయిన పిచర్ కోసం నాలుగేళ్ళు స్లాట్ కాపలా కాయకండి.

నలభయ్యో నంబర్:

ప్రతిభ ఉన్నా తలుపు తెరుచుకోవాలిగా, ఆ లెక్క నేను చెప్తాను. పైకి పిలవాలంటే 40 మంది రోస్టర్‌లో (మేజర్ లీగ్ టీము ఆటగాళ్ళ జాబితా) చోటుండాలి. 18 లేదా అంతకన్నా చిన్న వయసులో సంతకం చేసినవాణ్ణి ఐదు సీజన్లు, 19 ఆ పైన చేసినవాణ్ణి నాలుగు సీజన్లు అయ్యేసరికి ఆ జాబితాలో చేర్చాలి, లేదంటే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే టీము ఎగరేసుకుపోవచ్చు. ఆ నిర్ణయాలు నవంబర్‌లో వస్తాయి. మీ పెద్దోడికి 25 వచ్చినా 40లో పేరు లేదంటే సొంత టీముకే అతని మీద గురి లేదని అర్థం. పేరుంటే ఆప్షన్ సంవత్సరాలు (అడ్డు లేకుండా కిందికి పంపగలిగే ఏళ్ళు) ఎన్ని మిగిలాయో చూడండి. మొత్తం మూడు. అవి అయిపోతే కిందికి పంపాలంటే వెయివర్స్ (ముందు వేరే టీములకు తీసుకునే అవకాశం ఇవ్వడం) దాటాలి. అలాంటివాడికి మార్చిలో ఛాన్స్ దొరికే అవకాశం ఎక్కువ.

చిన్న పిల్లల్ని ఏప్రిల్‌లో కాస్త ఆలస్యంగా పిలవడం వెనక సర్వీస్ టైమ్ (మేజర్స్‌లో గడిపిన రోజుల లెక్క) ఉంటుంది. 172 రోజులైతే ఒక సంవత్సరం కింద లెక్క. 2022 ఒప్పందం తర్వాత, టాప్ 100 జాబితాల్లో ఉన్నవాణ్ణి సీజన్ మొదట్నుంచీ ఆడిస్తే, అతను రూకీ ఆఫ్ ద ఇయర్ గెలిస్తే టీముకు అదనపు డ్రాఫ్ట్ పిక్. 2022లో హూలియో రోడ్రిగెజ్ గెలిచినందుకు సియాటిల్‌కు ఒకటి దక్కింది. అందుకే మార్చిలో పెద్ద పేరున్నవాళ్ళ మీద కన్నేయండి, మిగతావాళ్ళ మీద జూన్ దాకా ఆశ పెట్టుకోకండి.

పిలిచారు కదా అని చంకలు గుద్దుకోకండి. అందరి జాబితాల్లో నంబర్ వన్ అయిన జాక్సన్ హాలిడే 2024 ఏప్రిల్‌లో వచ్చి 34 ఎట్-బ్యాట్‌లలో 2 హిట్లు కొట్టి వెనక్కి వెళ్ళాడు. అదే ఏడాది జాక్సన్ మెర్రిల్ ట్రిపుల్-ఎ మెట్టే ఎక్కకుండా డబుల్-ఎ నుంచి నేరుగా వచ్చి .292, 24 హోమ్ రన్లు. మెర్రిల్ మైనర్స్‌లో స్ట్రైకౌట్లు బాగా తక్కువున్నవాడు, అది కొంత కారణం.

మీ లీగ్ రూల్స్‌లో ఒకటి చూసుకోండి. 130 ఎట్-బ్యాట్‌లు లేదా 50 ఇన్నింగ్స్ దాటినవాణ్ణి మైనర్ స్లాట్‌లోంచి తీసి మెయిన్ రోస్టర్‌లో పెట్టాలని చాలా లీగుల్లో ఉంటుంది. ఆగస్టులో ఇది మీదపడితే మంచి ఆటగాణ్ణి వదులుకోవాల్సొస్తుంది.

ఫ్రిస్కో ఫస్ట్‌బేస్:

ఒక ర్యాంకింగ్‌లో చిన్నోడికి రా పవర్ (ఒంట్లో ఉన్న బలం) 55, గేమ్ పవర్ (ఆటలో బయటపడే బలం) 35 అని ఉంది. ఫీల్డింగ్ 60. ఇది మంచా, చెడా?

పాత స్కోరుకార్డు:

20 నుంచి 80 స్కేల్‌లో 50 అంటే మేజర్ లీగ్ సగటు. ఫీల్డింగ్ 60కి మీకు ఒక్క పాయింటూ రాదు. కానీ బ్యాట్ చల్లబడ్డ నెలలో కూడా అతణ్ణి లైనప్‌లో ఉంచేది అదే, ఆ మేరకు లాభం. జాబితాల్లో పైనున్న కేచర్లను, గ్లవ్ పుణ్యాన ఎక్కినవాళ్ళను మాత్రం ఫాంటసీకి పది పదిహేను స్థానాలు దించి చదవండి.

రా పవర్‌కీ గేమ్ పవర్‌కీ మధ్య ఖాళీ ఎందుకుందో తేల్చాలి. బంతి నేలకే పోతోందా, గాల్లోకి లేస్తోందా? ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే గణాంకాల సైటులో గ్రౌండ్‌బాల్ రేటు చూడండి. 50 శాతం దాటితే బలం వృథా అవుతోందన్నట్టు, 40–43 అయితే వయసుతో పాటు హోమ్ రన్లు వస్తాయి. పక్కనే స్వింగింగ్ స్ట్రైక్ (బ్యాట్ ఊపి తగలని బంతులు) శాతం ఉంటుంది: 10 లోపు బాగుంది, 14 దాటితే ఇవాళ్టి 19 శాతం స్ట్రైకౌట్లు పై మెట్టులో 26 అవుతాయి. కొట్టిన బంతి వేగం కొలతలు హై-ఎకి దొరకవు. బేస్‌బాల్ సావంత్ సైటులో అందరికీ తెరిచి ఉన్నవి ట్రిపుల్-ఎ, సింగిల్-ఎలోని ఫ్లోరిడా స్టేట్ లీగ్‌లవే. మీ పెద్దోడికి మాత్రం అక్కడ చూడొచ్చు.

ఫ్రిస్కో ఫస్ట్‌బేస్:

గ్రౌండ్‌బాల్ 42, స్వింగింగ్ స్ట్రైక్ 9.8. చిన్నోడు ఉంటాడు. పెద్దోణ్ణి ఊరికే వదిలేయనా?

పాత స్కోరుకార్డు:

ఊరికే ఎందుకండీ? .309, 22 అని చూసి కళ్ళు మెరిసే టీము మీ 12లో ఒకటైనా ఉంటుంది. ఔట్‌ఫీల్డ్ ఖాళీగా ఉండి, ఈ ఏడాదే గెలవాలని తొందరపడుతున్నవాళ్ళకు ఇవాళే మెసేజ్ పెట్టండి. బదులుగా ఆటగాణ్ణి అడగొద్దు, స్లాట్ మళ్ళీ నిండిపోతుంది. వచ్చే ఏడాది రెండో రౌండ్ పిక్ అడగండి, మూడోదానికైనా ఇచ్చేయండి. శుక్రవారం రాత్రి దాకా ఎవరూ కదలకపోతే అప్పుడు వదిలేయండి. మెసేజ్‌లో సొంతూరు, బయట లెక్క మీరై మీరు చెప్పక్కర్లేదు. అడిగితే మాత్రం దాచకండి, రేపు మళ్ళీ ఆ మనిషితోనే బేరం.

కర్వ్‌బాల్ బాబాయ్:

పిచర్ని వచ్చే మే నెలాఖరు దాకా ఉంచు. ఈలోగా ఎనిమిది స్టార్టులు పడతాయి. వాక్ 11 కిందికి దిగకపోతే, స్ట్రైకౌట్ అంకె చూపించి అమ్మేయ్.